తాతగారి గడ్డం కత్తికి ఎన్ని రాళ్లు కావాలి?

ప్రశ్న: సార్, మాది కందుకూరు. వయసు 36, బ్యాంకులో పనిచేస్తున్నాను. మా తాత బిట్రగుంట లోకో షెడ్డులో చేసి రిటైరయ్యాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే ఆయన ట్రంకుపెట్టెలో మడత గడ్డం కత్తి దొరికింది. పిడి దగ్గర 'సోలింగెన్' అని చెక్కి ఉంది (జర్మనీలో కత్తులకు పేరున్న ఊరట). దాంతోనే గడ్డం గీసుకోవాలని నా కోరిక. వీడియోల్లో ఒకాయన 1000, 3000, 5000, 8000, 12000 నంబర్ల రాళ్లన్నీ కావాలంటాడు. ఇంకొకాయన బెల్జియం రాయి లేకపోతే దండగంటాడు. లెక్కేస్తే 30 వేలు దాటింది. 'ఆ డబ్బుతో జీవితాంతం సెలూన్‌కి పోవచ్చు' అంటోంది మా ఆవిడ. మా మామేమో 'మార్కాపురం పలకరాయి ముక్క చాల్లేరా' అంటాడు. ఆగలేక హార్డ్‌వేర్ షాపులో రెండు వైపులా నూరుకునే నల్లరాయి తెచ్చి, కూరగాయల కత్తి నూరినట్టు నూరాను. కత్తి మెరిసింది గానీ చెంప మీద పెడితే వెంట్రుకల్ని పీకుతోంది. సైకిల్ మీద సానపట్టే మనిషి మా వీధికి వస్తుంటాడు, ఆయనకివ్వనా? ఏ రాళ్లు కొనాలి? (తాత కత్తితోపాటు చిన్న రాయి కూడా ఒకటి ఉండేదట, అమ్మ దాన్ని కత్తిపీట నూరడానికి వాడుకుంటోంది.)

జవాబు:

సైకిలాయనకు మాత్రం ఇవ్వకండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం, ముందు ఆ ఆలోచన మానుకోండి. ఆయన పనిలో తప్పేమీ లేదు. కత్తిపీటకి, కొడవలికి, కత్తెరకి ఆ చక్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. గడ్డం కత్తి సంగతి వేరు. అంచు దగ్గర అది ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది. తిరిగే పొడి చక్రానికి ఆనించగానే పుట్టే వేడికి పోవడానికి చోటుండదు. ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ దాదాపు 200 డిగ్రీల లోపు వేడిలో ఉంచితే వచ్చిన గట్టిదనం అది. ఆ వేడి దాటిందంటే గట్టిదనం జారిపోతుంది. 300 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఉక్కు నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన చోట ఎన్ని వేల నంబరు రాయి పెట్టినా పదును రెండు గడ్డాలకు కూడా నిలవదు.

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. నెల్లూరులో టర్నర్‌గా పనిచేసే రోజుల్లో, భోజనాల వేళ షెడ్డులో ఎవరూ లేరు కదా అని, మా మేనమామ ఇచ్చిన కత్తిని గ్రైండర్‌కి ఆనించాను. మూడు సెకన్లు. కొస దగ్గర నెమలి మెడ రంగులో మచ్చ తేలింది. చూడ్డానికి భలే అందంగా ఉంది. ఆ కత్తి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, పార్సిళ్ల పురికొసలు కోయడానికి.

ఇక రాళ్ల విషయం. మీ ఆవిడ లెక్కలో తప్పు లేదు. ఐదు రాళ్లు అక్కర్లేదు. ఇప్పటికి ఒకే ఒక్క రాయి కొనండి, 1000 నంబరుది. మిగతా పని ఎలా చేయాలో కింద చెప్తాను. నిజానికి ఆ 1000 రాయి కూడా మీకు అవసరం పడేది కాదేమో. మీ తాతగారు పెట్టెలో పెట్టేనాటికి కత్తి బాగానే ఉండి ఉంటే చివరి మెరుగు, తోలు మీద నాలుగు తిప్పులు సరిపోయేవి. హార్డ్‌వేర్ షాపు రాయి మీద మీరు చేసిన పనికి ఇప్పుడు మొదటి నుంచీ రావాలి.

అక్కడ ఏం జరిగిందో చూడండి. కూరగాయల కత్తిని నూరేటప్పుడు మనం వెన్ను కొంచెం పైకెత్తి పడతాం. ఎంత ఎత్తాలన్నది చేతి అలవాటు. గడ్డం కత్తిలో ఆ ఎత్తు చేసినవాడే పెట్టి పంపించాడు. వెన్ను లావుగా, రెండు పక్కలా గుంట తీసి, అంచు సన్నగా ఉంటుంది కదా. దాన్ని రాతి మీద బల్లపరుపుగా పడుకోబెడితే తగిలేవి రెండే చోట్లు, వెన్ను, అంచు. కోణం దానంతటదే కుదురుతుంది. మామూలుగా దొరికే కత్తి వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. వెన్ను మందం నాలుగున్నర మిల్లీమీటర్లనుకుంటే అంచు దగ్గర కోణం 16 డిగ్రీల చిల్లర వస్తుంది. వెన్ను ఎత్తారంటే ఆ కోణం పోయింది. మీరు ఎత్తారు. అందుకే కత్తి మెరిసింది, కోయలేదు. మెరిసింది మీరు కొత్తగా పెట్టిన మొద్దు వాలు.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష చేసుకోండి. అంచు పొడవునా రెండు వైపులా నల్ల మార్కర్ పెన్నుతో గీత గీయండి. గాజు పలక మీద సన్న గరుకు కాగితం తడిపి పరిచి, కత్తిని పడుకోబెట్టి, బరువు వేయకుండా ఒక్కసారి జరపండి. సిరా గీత పైభాగంలో చెరిగి, అంచు చివర చెరక్కుండా మిగిలితే నేను చెప్పిందే. ఆ సిరా చివరిదాకా చెరిగే వరకూ 1000 రాయి మీద పని. అది అయ్యేదాకా పై నంబర్ల జోలికి పోవద్దు. కొత్తవాళ్లందరూ తప్పేది ఇక్కడే. 1000 దగ్గర సగంలో వదిలేసి, మిగతాది 8000 చూసుకుంటుందిలే అనుకుంటారు. అది చూసుకోదు. పునాది వంకరగా ఉన్న గోడకు సున్నం వేసినట్టవుతుంది.

రాయికి నీళ్లు పట్టే ముందు ఇంకో మాట. కత్తిని నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం కింద చూడండి. ఒంగోల్లో, నెల్లూరులో ఆ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. అంచుకి అడ్డంగా వెంట్రుకలాంటి చీలిక కనిపిస్తే దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకోండి, ముఖానికి వద్దు. తుప్పు పైపైన ఉంటే పర్వాలేదు. అంచు మీదే గుంటలు పడి ఉంటే ఆ గుంటలు పోయేదాకా ఉక్కు అరగదీయాలి, అది మొదటిసారి మీ చేత కాదు. చీలికా గుంటలూ లేవంటే సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి పని మొదలుపెట్టండి. వేణ్నీళ్లలో మరిగించొద్దు, కొమ్ము పిడి అయితే వంకర తిరుగుతుంది.

నంబర్ల గురించి కాస్త. రాతి మీద నంబరు పెరిగేకొద్దీ దానిలోని గీకుడు రవ్వ చిన్నదవుతుంది. జపాన్ లెక్కలో 1000 అంటే రవ్వ 11, 12 మైక్రాన్ల దగ్గర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 8000 అంటే ఒక మైక్రాన్ చిల్లర. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల పైమాటే అనుకోండి, తేడా అర్థమవుతుంది. అయితే గరుకు కాగితం మీది నంబరు, రాతి మీది నంబరు ఒకటి కావు. కాగితం మీద 2000 అని ఉన్నా జపాన్ రాయి లెక్కలో అది 1000, 1200 దగ్గరే. ఈ తేడా తెలియక '2000 కాగితంతో అయిపోయింది సార్' అని రాసేవాళ్లు చాలామంది. మీరు తెచ్చిన నల్లరాయి కార్బొరండం. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అనే ఆయన కరెంటు కొలిమిలో తయారుచేసిన పదార్థం అది, గట్టిదనంలో వజ్రానికి కాస్త దూరంలో ఉంటుంది. షాపుల్లో అమ్మే ఆ రాళ్లలో సన్నవైపు అన్నది కూడా గడ్డం కత్తికి కంకరరోడ్డే.

1000 తర్వాత ఏంటి? ఇక్కడ నా సలహా వీడియోవాళ్లకి నచ్చదు. ఈ అలవాటు మీకు పట్టుబడుతుందో లేదో ఇంకా తెలియదు. కాబట్టి పెద్ద రాళ్లు కొనకండి, ల్యాపింగ్ ఫిల్ము కొనండి. ఫైబర్ కేబుల్ కొసల్ని నున్నగా పాలిష్ చేయడానికి వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం అది. 3ఎమ్ లాంటి కంపెనీలు చేస్తాయి. దీని మీద నంబర్లు కాకుండా నేరుగా మైక్రాన్లే రాసి ఉంటాయి. 5, 3, 1 మైక్రాన్ల షీట్లు మూడు రకాలు చాలు. తడి గాజు మీదో గ్రానైట్ మీదో వేస్తే నీటి పట్టుకే అతుక్కుంటుంది. రాయిలా అరిగి గుంటపడే బాధ లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. కత్తి మూల గుచ్చుకుంటే చిరుగుతుంది, ఎక్కువ కాలం రాదు. ఏడాది తర్వాత కూడా మీరు ఈ కత్తితోనే గీసుకుంటుంటే అప్పుడు 4000/8000 జంటరాయి కొనుక్కోండి. 12000 గురించి ఆ తర్వాతి ఏడాది ఆలోచిద్దాం.

ఫిల్ము కింద గాజో గ్రానైటో అన్నది చదును కోసమే. ఈ చదును సంగతి నాకు నంబర్లకన్నా ముఖ్యం. కొత్త 1000 రాయి కూడా పెట్టెలోంచి తీయగానే చదునుగా ఉందనుకోకండి. వాడేకొద్దీ మధ్యలో గుంట పడుతుంది. వంటింటి కత్తికి అది తెలియదు, గడ్డం కత్తికి తెలుస్తుంది. వెన్ను, అంచు ఒకే తలంలో ఆనాలి, మూడంగుళాల అంచు ఒకేసారి తగలాలి. రాయి మధ్యలో వెంట్రుకవాసి పల్లం ఉన్నా అంచు మధ్యభాగం ఎప్పటికీ తగలదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? బరువు వేస్తాడు. బరువు వేస్తే సన్నటి అంచు వంగుతుంది. ఇక ఆ రోజంతా నూరినా అంతే.

దీనికి మనవాళ్లకున్న అదృష్టం చీమకుర్తి. ప్రపంచమంతా వంటింటి గట్లకి వేయించుకునే నల్లటి గెలాక్సీ గ్రానైట్, లోపల బంగారు రవ్వలు మెరిసేది, అక్కడిదే. పాలిష్ ఫ్యాక్టరీల బయట అంచులు విరిగిన ముక్కలు పడి ఉంటాయి. అడుగు పొడుగు, అరడుగు వెడల్పు ముక్కొకటి అడగండి. కాదనరు. ఇంటికి తెచ్చాక స్టీలు స్కేలు నిలువుగా నిలబెట్టి వెనకనుంచి టార్చి వేయండి. పొడవుగా, అడ్డంగా, రెండు మూలలకీ ఐమూలగా చూడండి. స్కేలు కింద ఎక్కడా వెలుతురు జారకపోతే ఆ ముక్క మీ పనికొస్తుంది. ఫ్యాక్టరీల్లో కొలతలు చూసే సర్ఫేస్ ప్లేట్లు కూడా గ్రానైటువే. మా వర్క్‌షాపులో ఉన్నదాని ఖరీదు నా ఏడాది జీతమంత. చీమకుర్తి ముక్క దాని స్థాయి కాకపోయినా గడ్డానికి చాలు.

ఆ ముక్క మీద నీళ్లు చల్లి, 400 నంబరు వాటర్‌పేపర్ పరచండి. 1000 రాతి మీద పెన్సిల్‌తో గళ్లు గీయండి. పులిజూదం పటంలా కాకుండా చదరంగం పటంలా, నిలువు గీతలు, అడ్డగీతలు. రాయిని బోర్లించి గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. గీతలు ముందు ఎక్కడ చెరుగుతాయో అవి గుట్టలు, చివరిదాకా మిగిలేవి పల్లాలు. గీతలన్నీ పోయేదాకా రుద్దండి. తర్వాత రాయి నాలుగు అంచులూ కొంచెం మొద్దు చేయండి, లేకపోతే కత్తి అక్కడే లేస్తుంది. ఈ పని మొదటి రోజు, ఆ తర్వాత రెండు మూడు వాడకాలకోసారి.

ఇంకొకటి, రాయిని నానబెట్టాలా వద్దా అన్నది దాని పెట్టె మీద చదవండి. కొన్ని రాళ్లు పావుగంట నీళ్లలో ఉండాలి. కొన్నింటికి పైన చల్లితే చాలు, రాత్రంతా బకెట్లో వదిలేస్తే పగులుతాయి. నీటి రాళ్లకు కొబ్బరినూనె పూయొద్దు. మీ మామ పూయమంటాడు, నాకు తెలుసు.

మామ గుర్తొచ్చాడు గనుక మార్కాపురం సంగతి. ఆయన సగం కరెక్ట్. నవ్వి తీసిపారేయాల్సిన మాట కాదది. జర్మనీలో తురింగియా అనే చోట తవ్విన రాళ్లను ఎషర్ అనే కంపెనీ వందేళ్ల కిందటే ప్రపంచమంతా గడ్డం కత్తులకు అమ్మింది. ఇప్పుడు వాటిని పాతవస్తువుల్లా వేలంలో కొంటున్నారు. అవి పలకరాళ్లే. ఇంగ్లండు పక్క వేల్స్‌లో దొరికే కత్తిరాళ్లు కూడా పలకలే. బంకమట్టి భూమి లోపల ఒత్తిడికి, వేడికి పొరలు పొరలుగా గట్టిపడితే పలకరాయి. అందులో సన్నటి అభ్రకం, క్వార్ట్జ్ రవ్వలుంటాయి. రవ్వ మరీ సన్నగా, అంతటా ఒకేలా ఉన్న పొర దొరికితే కత్తికి మెరుగు తేవడంలో అది ఖరీదైన రాళ్లకు తీసిపోదు.

చిక్కంతా ఆ 'ఒకేలా' దగ్గర. మార్కాపురం పలకను మనవాళ్లు ఏరుకున్నది బలపం పట్టడానికి, పల్చగా చీలడానికి, కత్తి నూరడానికి కాదు. నేను మూడు ముక్కలు ప్రయత్నించాను. మొదటిది తడిపి రుద్దుతుంటే పక్కనుంచి పొర లేచిపోయింది. రెండోది చూడ్డానికి నల్లగా, పట్టులా ఉంది. గోరుతో రాస్తే నునుపే. పది తిప్పులయ్యాక భూతద్దంలో చూస్తే అంచు మీద దువ్వెన పళ్లలా గీతలు, లోపలెక్కడో ఆవగింజలో వందోవంతు గట్టి రవ్వ ఉందన్నమాట. మూడోది మా చెల్లెలు ఒకటో తరగతిలో వాడిన చెక్కచట్రం పలక. మూలన ఆమె గోరుతో గీసిన ఓనమాలు ఇంకా కనిపిస్తున్నాయి. చట్రం ఊడదీసి, పల్చగా ఉంది గనుక వంగకుండా గ్రానైటు ముక్కకి అరల్డైట్‌తో అతికించి, చదును చేసి చూశాను. అది పనిచేసింది. నిదానం, చాలా నిదానం. 1 మైక్రాన్ ఫిల్ము తర్వాత అరవై డెబ్బై తిప్పులు తిప్పితే చెంపకి తేడా తెలిసింది, గీతలో మెత్తదనం వచ్చింది. చెల్లెలు ఆ పలక సంగతి ఇప్పటికీ ఎత్తిచూపుతుంది, అది వేరే విషయం.

కాబట్టి మామ చెప్పిన ముక్క దొరికితే ఉంచండి, అయితే ఆఖరి మెరుగుకి మాత్రమే. మొద్దు వాలు తీసే పని పలకరాయి చేయలేదు. ముందు ఏదైనా పాత కత్తి మీద నడిపి, భూతద్దంలో గీతలు లేవని చూసుకున్నాకే తాతగారి కత్తి పెట్టండి. బజార్లో ఇప్పుడు పలక అని అమ్మేవి చాలావరకు రేకు, ప్లాస్టిక్. రాయో కాదో చూసి తెచ్చుకోండి. పలకరాయిని ఎప్పుడూ తడిమీదే అరగదీయండి. పొడి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు.

బెల్జియం రాయి మంచిదే. ఆర్డెన్ కొండల్లో తవ్వుతారు, లేత పసుపు రంగు, లోపల సన్నటి గార్నెట్ (గోమేధికం జాతి) రవ్వలు. దానిమీద చిన్న రాయి రుద్ది గంధంలా తీస్తే చురుగ్గా కోస్తుంది, ఉత్త నీళ్లతో అయితే మెత్తగా మెరుగు పెడుతుంది. ఒకే రాయితో రెండు పనులు. కానీ ఆ గంధాన్ని ఎప్పుడు పలచన చేయాలో చేతికి తెలియాలి. మొదటి రాయిగా వద్దు.

ఇక చేతి వాటం సంగతి. టేబుల్ మీద తడిగుడ్డ, దానిమీద రాయి. కత్తిని పిడికి, ఉక్కుకి మధ్య సన్నగా ఉండే మెడ దగ్గర బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకోండి. గరిటెలా గుప్పిట పట్టొద్దు. అంచు ముందుకు ఉండేలా, పిడివైపు మూలతో మొదలుపెట్టి, ముందుకు జరుపుతూనే పక్కకు లాగండి. రాయి చివరకు వచ్చేసరికి కొసవైపు భాగం రాతి మీద ఉండాలి. అక్కడ కత్తిని వెన్ను మీద దొర్లించి రెండో పక్క తిప్పండి. అంచు మీద తిప్పితే అక్కడే అయిపోయింది. తిరిగి మీ వైపుకి అదే నడక. బరువు కత్తిది మాత్రమే, చేతిది కాదు. మొదట్లో వెన్నుకి ఒక వరస ఇన్సులేషన్ టేపు అంటించుకుంటే వెన్ను అరగదు, దానివల్ల కోణం కొద్దిగా పెరిగినా నష్టం లేదు. కాకపోతే టేపుతో మొదలుపెడితే చివరిదాకా టేపుతోనే.

నీటిని చూస్తూ ఉండండి. నూరుడులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. మొదట్లో కత్తి కదులుతుంటే నీళ్లు అంచు ముందు చిన్న అలలా నెట్టుకుపోతాయి. కొన్నిచోట్ల అల తెగుతుంది. అక్కడ అంచు ఇంకా రాతిని తాకడం లేదన్నమాట. పని అయ్యేకొద్దీ అల పొడవునా ఒకే తీరుగా నిలుస్తుంది. చివర్లో నీళ్లు ముందుకు పోవడం మాని, అంచు మీదుగా కత్తి గుంటలోకి ఎక్కడం మొదలవుతుంది. అలా ఎక్కిందంటే అంచు రాతికి అతుక్కుని నడుస్తోంది, ఆ రాతి పని అయిపోయింది. శబ్దం కూడా మారుతుంది. గరగర పోయి, పట్టుచీర మడత విప్పినట్టు సన్నటి చప్పుడు వస్తుంది.

1000 అయిందనడానికి ముంజేతి వెంట్రుకలు చాలు. చర్మానికి ఆనించి నడిపితే అంచు పొడవునా, రెండు పక్కలతోనూ వెంట్రుకలు తెగాలి. ఏదో ఒక చోటే తెగితే మళ్లీ 1000కే. ఫిల్ములన్నీ అయ్యాక, తోలు మీద తిప్పాక, తలవెంట్రుక ఒకటి వేళ్లతో పట్టి వేలాడదీసి అంచుకు తగిలించండి, తెగి పడాలి. మీ తలమీది వెంట్రుక పల్చన అయితే పడకపోవచ్చు, ఇంట్లో ఇంకొకరిది అడగండి. బొటనవేలి చర్మం మీద పదును చూసే అలవాటు కత్తిపీటకు సరే, ఇక్కడ మాత్రం వద్దు.

తోలు అన్నాను. రాయి ఎంత ముఖ్యమో తోలుపట్టీ అంత. రాయి నెలలకోసారి, తోలు ప్రతి గడ్డానికి ముందు. మా ఊరు అల్లూరు పక్క. చిన్నప్పుడు వేపచెట్టు కింద పెద్దాయన పొది విప్పి, కత్తిని నీళ్లలో ముంచి, అరచేతి మీద టపటపా నాలుగుసార్లు అటూ ఇటూ వేసి గడ్డానికి దిగేవాడు. ఆ అరచేయి చెప్పు అట్టలా గట్టిపడి నల్లగా మెరిసేది. మనకి అంత చేయి లేదు గనుక రెండంగుళాల వెడల్పున్న తోలు పట్టీ కావాలి. కుట్లు, చెక్కుడు పూలు లేని పాత బెల్టు అయినా పర్లేదు, రెక్సిన్ కాకుండా అసలు తోలయితే. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు దొరికితే దానికి మించింది లేదు. (మన మాటలోనే ఉంది చూడండి, తోలునూ పదును చేస్తాం, కత్తికీ పదును పెడతాం, వాన పడితే చేనూ పదునవుతుంది.) రాతి మీద అంచు ముందు నడిస్తే, తోలు మీద వెన్ను ముందు నడవాలి. మరిచిపోయి ఒక్కసారి తిరగేశారా, తోలూ పోయింది, మీరు గంటసేపు పెట్టిన అంచూ పోయింది. పట్టీ బిగుతుగా లాగి పట్టుకుని నలభై యాభై తిప్పులు. ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు, 0.5 మైక్రాన్‌ది, ఇంకో పట్టీ మీద పూసి ఉంచుకుంటే పదును కొంచెం తగ్గినప్పుడు పది తిప్పులకే తేరుకుంటుంది. రోజూ పేస్టు మీద తిప్పొద్దు, అంచు గుండ్రమవుతుంది.

మొదటి రోజు చెంపలు మాత్రమే గీసుకోండి, గడ్డం కింద, పెదవి మీద వారం తర్వాత. పక్కన పటిక ముక్క ఉంచుకోండి. షుగరు ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ఈ సరదా వద్దు. ఇది మీ ఒక్కరి కత్తి. బావమరిదికి కూడా ఇవ్వొద్దు, హెపటైటిస్ బి, సి కత్తుల మీదుగా సోకుతాయి. సెలూన్లలో సగం బ్లేడు మార్చే కత్తులు అందుకే వచ్చాయి.

గీసుకున్నాక కడిగి, మెత్తటి గుడ్డతో అంచు నొక్కకుండా తుడిచి, బోరు నీళ్ల తెల్లమరక మిగలకుండా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె చుక్క రాసి, బాత్‌రూములో కాకుండా బీరువాలో పెట్టండి. సముద్రం దగ్గరి గాలికి ఈ ఉక్కు రాత్రికి రాత్రే చుక్కలు పడుతుంది.

ఆఖరికి, మీరు బ్రాకెట్లో రాసి వదిలేసిన ఆ చిన్న రాయి. అసలు ఉత్తరంలో నాకు కంటికి ఆనింది అదే. లోకో షెడ్డు మనిషి, జర్మన్ కత్తి వాడినవాడు, కత్తితోపాటు పెట్టెలో దాచుకున్న రాయి కత్తిపీట కోసం అయ్యుండదు. సబ్బుతో కడిగి, తడిమీద పక్కల్ని వెలుతురులో చూడండి. ఒక పొర లేత పసుపు, కింది పొర ముదురు రంగు ఉంటే మీరు 30 వేల లెక్కలో రాసుకున్న బెల్జియం రాయే మీ వంటింట్లో ఉన్నట్టు. బూడిదరంగో ఆకుపచ్చో కలిసిన ఒకే పొర అయితే పలకజాతి రాయి కావచ్చు. రెండు వైపులా నున్నటి ఇటుకలా ఉంటే క్షౌరం చేసేవాళ్లు వాడే తయారీ రాయి. ఏదైనా సరే, కత్తిపీట వల్ల మధ్యలో గాడి పడి ఉంటుంది, 400 కాగితం మీద చదును చేస్తే తేరుతుంది. అమ్మగారు ఒప్పుకోకపోతే మీరు హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన ఆ కార్బొరండం రాయి ఆమెకివ్వండి. కత్తిపీటకి అదే సరైన రాయి.